అప్పులు పీకల దాకా ఉన్నప్పుడు రక్షణ ఖర్చు పెంచవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనది ఇది: "దేశం అప్పు ఇప్పటికే జీడీపీతో సమానంగా ఉంది. ఏటా వడ్డీలకే బోలెడంత పోతోంది. ఇలాంటప్పుడు రక్షణ బడ్జెట్ పెంచుతామంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ఇంకా అప్పు చేస్తే ప్రమాదం కాదా? పెంచకుండా ఊరుకుంటే అదీ ప్రమాదమే కదా?"

నేను ఆర్థిక శాఖలో రక్షణ పద్దులు చూసే విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. సైన్యం పంపే ప్రతిపాదనలు చదవడం, లెక్కలు సరిచూడడం, ప్రశ్నలు రాసి వెనక్కి పంపడం, చివరికి సంతకం పెట్టడం లేదా ఆపడం నా పని. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: పెంచవచ్చు. అప్పు ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో రక్షణను ఆపుకోనక్కర్లేదు. కాకపోతే ఒకసారి పెట్టి ముగించే ఖర్చుకే అప్పు చేయాలి. ఏటా తప్పకుండా వచ్చే ఖర్చుకు ఏటా వచ్చే ఆదాయం చూపించాలి. అది పన్ను కావచ్చు, ఇంకో పద్దులో కోత కావచ్చు. ఈ తేడా పట్టించుకోని దేశాలు మొదటి మూడు నాలుగేళ్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది.

అందుకే "జీడీపీలో ఎంత శాతం" అన్న చర్చ నాకు ఎప్పుడూ సగం చర్చలాగే అనిపిస్తుంది. ఎంత అని అడిగే ముందు ఎన్నేళ్లు అని అడగాలి.

ముందు అప్పు సంగతి. అప్పు 100 శాతం దాటితే దేశం మునిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అలాంటి గీత ఏదీ లేదు. జపాన్ ప్రభుత్వ అప్పు జీడీపీకి రెండు రెట్లు దాటి చాలా ఏళ్లయింది. అది దాదాపుగా సొంత కరెన్సీలోనే ఉంది, ఎక్కువ భాగం దేశంలోని సంస్థల చేతుల్లోనే ఉంది, కాబట్టి నెట్టుకొచ్చింది. డాలర్లలో అప్పు చేసిన చిన్న దేశాలు అందులో సగం అప్పుతోనే చేతులెత్తేసిన సందర్భాలున్నాయి. అప్పు ఎంత అన్నదొక్కటే కాదు, ఎవరికి, ఏ కరెన్సీలో, ఎన్నేళ్ల గడువుకు బాకీ ఉన్నామన్నదీ చూడాలి.

అప్పు ఎక్కువగా ఉన్నప్పుడు ఖాయంగా మారేది, తప్పు చేస్తే కట్టాల్సిన మూల్యం. చిన్న లెక్క చూడండి. రెండు దేశాలున్నాయి, రెండింటి జీడీపీ 100. ఒకదాని అప్పు 30, రెండోదాని అప్పు 100. రెండూ రక్షణ ఖర్చు ఏటా 1 చొప్పున అప్పు మీదే పెంచాయి. అది చూసి ప్రభుత్వ బాండ్లు కొనేవాళ్లు, అంటే ప్రభుత్వానికి అప్పిచ్చేవాళ్లు, కంగారుపడి వడ్డీ అర శాతం పెంచారనుకుందాం. పాత బాండ్లన్నీ తీరి కొత్త వడ్డీకి మారాక మొదటి దేశానికి ఏటా పడే అదనపు భారం 0.15. రెండో దేశానికి 0.5. అంటే రెండో దేశం సైన్యానికి ఒక రూపాయి పెంచితే, దాంతో పాటు అర్ధరూపాయి పాత అప్పుల మీద అదనపు వడ్డీగా పోతుంది.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. వడ్డీ 5 శాతం, జీడీపీ కూడా ఏటా 5 శాతం పెరుగుతోంది, మిగతా బడ్జెట్ సమంగా ఉంది అనుకుందాం. ఏటా 1 అప్పు చేస్తూ పోతే పదేళ్లలో అప్పు జీడీపీలో సుమారు 10 శాతం పెరుగుతుంది. ఆ పది మీద వడ్డీ 0.5. పైన చెప్పిన 0.5 దీనికి కలపండి. పదో ఏడాదికి సైన్యానికి అదనంగా 1 వెళ్తుంటే, ఆ నిర్ణయం వల్ల వడ్డీకి కూడా అదనంగా 1 వెళ్తుంది. ఈ లెక్క నేను చాలాసార్లు కాగితం మీద వేసి చూపించాను. ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఇది ఎప్పటికి వస్తుంది?" పాత బాండ్ల గడువు తీరేకొద్దీ మెల్లగా వస్తుంది. నిర్ణయం తీసుకున్నవాళ్లు అప్పటికి ఆ కుర్చీలో ఉండరు. ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది అదే.

ఇది ఊహ కాదు. అమెరికాలో 2024 ఆర్థిక సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం కట్టిన నికర వడ్డీ సుమారు 88,000 కోట్ల డాలర్లు. రక్షణ మీద పెట్టినదానికన్నా అది ఎక్కువ. ప్రపంచంలో అతి పెద్ద సైనిక బడ్జెట్‌ను వడ్డీ బిల్లు దాటేసింది. అప్పు తక్కువగా ఉన్న దేశాలకు కూడా మార్కెట్ వెంటనే బదులిస్తుంది. జర్మనీ అప్పు జీడీపీలో 60 శాతానికి కాస్త పైన ఉంటుంది, పెద్ద దేశాల్లో అది తక్కువే. 2025 మార్చిలో రక్షణ కోసం అప్పు పరిమితి సడలిస్తామని అక్కడి నాయకులు ప్రకటించిన మర్నాడే పదేళ్ల బాండ్ల మీద రాబడి, అంటే కొత్తగా అప్పు చేస్తే కట్టాల్సిన వడ్డీ, ఒక్కరోజులో దాదాపు 0.3 శాతం పెరిగింది. జర్మనీ తట్టుకుంది. అప్పు దానికి రెండింతలున్న దేశానికి అదే కుదుపు వస్తే ఏమవుతుందో పైన వేసిన లెక్కలోనే ఉంది.

ఒకసారి ఖర్చు ఏది, ఏటా ఖర్చు ఏది?

అసలు కష్టం ఇక్కడే. వినడానికి సులువుగా ఉంటుంది కానీ ఫైలు చేతిలోకి వచ్చాక తెలుస్తుంది, రక్షణలో నిజంగా ఒకసారితో తీరిపోయే ఖర్చు చాలా తక్కువని. ఖాళీ అయిన మందుగుండు నిల్వలు నింపుకోవడం, ఒక స్థావరం కట్టడం, మిత్రదేశానికి ఇచ్చేసిన ఆయుధాల స్థానంలో కొత్తవి కొనడం, ఇలాంటివి కొంతవరకు ఆ కోవలోకి వస్తాయి. విమానం, ఓడ, రాడార్ అలా కాదు. వాటికి ఇంధనం కావాలి, విడిభాగాలు కావాలి, సాఫ్ట్‌వేర్ మార్పులు కావాలి, నడిపేవాళ్లు కావాలి, వాళ్లకు శిక్షణ కావాలి. ఏనుగును కొనడం ఒక ఎత్తు, మేపడం ఇంకో ఎత్తు అంటారే, అది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పెద్ద ఆయుధ వ్యవస్థల జీవితకాల ఖర్చులో ఎక్కువ భాగం కొన్నాక పెట్టేదే. అమెరికా ఎఫ్-35 యుద్ధ విమానాలనే తీసుకోండి. వాటిని జీవితాంతం నడిపి, నిర్వహించడానికి అయ్యే ఖర్చు 2018లో 1.1 లక్షల కోట్ల డాలర్లని అంచనా వేశారు. 2023 నాటికి ఆ అంచనా 1.58 లక్షల కోట్లకు చేరింది. కొనుగోలు ధర ఇందులో లేదు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. సర్వీసులో కొత్తగా ఉన్న రోజుల్లో తీరం వెంబడి రాడార్లు పెట్టే ప్రతిపాదన నా బల్ల మీదికి వచ్చింది. విదేశీ రుణం, వడ్డీ తక్కువ, మొదటి కొన్నేళ్లు వాయిదాలు కట్టనక్కర్లేదు. ధర సరైనదేనా కాదా అని వారాల తరబడి పరిశీలించి సరేనన్నాను. పరికరాలు సమయానికే వచ్చాయి. తీరా చూస్తే మూడో వంతు చోట్ల వాటిని పెట్టడానికి భవనం లేదు, కరెంటు లైను లేదు, కొండ మీదికి రోడ్డు లేదు. ఆ పనుల డబ్బు ఇంకో పద్దులోంచి రావాలి, ఆ పద్దులో ఆ ఏడాది కోత పడింది. రెండేళ్లు ఆ పెట్టెలు టార్పాలిన్ల కింద ఉన్నాయి. వారంటీ అయిపోయింది. రుణం వాయిదాలు మాత్రం తేదీ తప్పకుండా మొదలయ్యాయి. ఆ ఫైలులో నేను రాసిన నోట్ ఇప్పటికీ ఉంటుంది. ధర గురించి రెండు పేజీలు రాశాను, కరెంటు గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఆ తర్వాత ఏ ప్రతిపాదన వచ్చినా "కొన్నాక పదిహేనేళ్లు దీన్ని నడపడానికి ఏటా ఎంత, అది ఏ పద్దులో ఉంది" అన్న ప్రశ్నకు జవాబు రాకుండా సంతకం పెట్టలేదు. కొందరికి కోపం వచ్చింది. వాళ్ల తొందర నాకు అర్థమయ్యేది, ఎందుకంటే సరిహద్దులో ఉండేది వాళ్లు. అయినా పెట్టెల్లో ఉన్న రాడార్ ఎవరినీ కాపాడదు కదా.

మనుషుల ఖర్చు ఇంకా లోతైనది. ఒకసారి అయిదు వేల కొత్త పోస్టుల ప్రతిపాదన వచ్చింది. జతచేసిన లెక్కలో ఒక్క ఏడాది జీతం మాత్రమే ఉంది. ఈ రోజు ఇరవై ఏళ్ల కుర్రాడిని చేర్చుకుంటే అతనికి జీతం, ఇల్లు, వైద్యం, ఆ తర్వాత పెన్షన్, అతని తదనంతరం కుటుంబ పెన్షన్, ఇలా యాభై అరవై ఏళ్ల బాధ్యత మొదలైనట్టే. అది మనం నిలబెట్టుకోవాల్సిన మాట, అందులో రెండో ఆలోచన లేదు. అలాంటి మాటను అప్పు డబ్బుతో ఇస్తే, రేపు కోత పెట్టాల్సి వచ్చినప్పుడు జీతాలు, పెన్షన్లు ముట్టుకోలేరు కాబట్టి కోత మొత్తం శిక్షణ మీద, ఇంధనం మీద, మందుగుండు మీద పడుతుంది. సైనికుల సంఖ్య అంతే ఉంటుంది, వాళ్ల చేతిలో ఉండాల్సినవి ఉండవు. పేపర్ మీద పెద్ద సైన్యం, పోరాడగలిగేది అందులో సగం. 2022లో అప్పు చెల్లింపులు ఆపేసిన శ్రీలంక, ఆ మరుసటి ఏడాదే సైన్యాన్ని సుమారు రెండు లక్షల నుంచి 1,35,000కు, 2030 నాటికి లక్షకు తగ్గిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అప్పు ముంచుకొచ్చాక తగ్గించడం ఎంత కష్టమో ఆ దేశాన్ని చూస్తే తెలుస్తుంది.

చరిత్రలో ఎవరు ఎలా కట్టారు?

నాకు బాగా నచ్చే పోలిక అమెరికా చేసిన రెండు యుద్ధాలది. 1950లో కొరియా యుద్ధం మొదలయ్యేనాటికి రెండో ప్రపంచ యుద్ధపు అప్పు ఇంకా భారీగానే ఉంది. రక్షణ ఖర్చు మూడేళ్లలో జీడీపీలో 5 శాతం నుంచి దాదాపు 14 శాతానికి వెళ్లింది. అధ్యక్షుడు ట్రూమన్ ప్రభుత్వం 1950, 1951లలో ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను పెంచింది, అదనపు లాభాల మీద ప్రత్యేక పన్ను వేసింది. యుద్ధం జరుగుతుండగానే అప్పు జీడీపీ నిష్పత్తి తగ్గింది. అందులో ఆర్థిక వృద్ధి వాటా, ధరల పెరుగుదల వాటా కూడా ఉన్నాయి, అన్నీ పన్నుల ఘనతే అనను. అయినా ఆ ఖర్చు భారాన్ని ముందే ప్రజల ముందు పెట్టారు.

వియత్నాం దగ్గర అలా జరగలేదు. ఖర్చు 1965 నుంచే పెరుగుతున్నా పది శాతం అదనపు పన్ను చట్టం అయ్యింది 1968లో. అప్పటికే ఆర్థిక వ్యవస్థ వేడెక్కింది. 1965లో రెండు శాతం లోపు ఉన్న ధరల పెరుగుదల 1970 నాటికి దాదాపు ఆరు శాతానికి చేరింది. పన్ను వేయకపోయినా ప్రజలు కట్టారు, కిరాణా బిల్లులో కట్టారు. ఎవరికి ఎంత భారమో చట్టసభలో చర్చ జరగకుండా కట్టారు.

బ్రిటన్ కథలు రెండు. 1937లో దాని అప్పు జీడీపీకి ఒకటిన్నర రెట్ల చుట్టూ ఉంది. జర్మనీ వేగంగా ఆయుధాలు సమకూర్చుకుంటోంది. అయిదేళ్లలో 40 కోట్ల పౌండ్ల దాకా రక్షణకు అప్పు చేయడానికి చట్టం తెచ్చారు. అదే ఏడాది ఆదాయపు పన్ను 25 శాతానికి, మరుసటి ఏడాది 27.5 శాతానికి పెంచారు. అప్పు, పన్ను కలిపి నడిపారన్నమాట. ఆలస్యంగా మొదలుపెట్టారన్న విమర్శ న్యాయమైనదే. రాబోయే పదేళ్లలో పెద్ద యుద్ధం రాదన్న అంచనాతో బడ్జెట్లు వేసుకునే నియమం అక్కడ 1919 నుంచి 1932 దాకా ఉంది. అది ఎత్తేశాక కూడా ఖర్చు పెరగడానికి ఏళ్లు పట్టింది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వలేం. అప్పు భయంతో రక్షణను పూర్తిగా ఆపేయమనే వాళ్లకు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

రెండోది 1951. కొరియా యుద్ధం వల్ల మూడేళ్లలో 470 కోట్ల పౌండ్ల ఆయుధ కార్యక్రమం ప్రకటించారు. డబ్బు సర్దడానికి ఆర్థిక మంత్రి గైట్‌స్కెల్ ఉచిత వైద్య సేవలో కట్టుడు పళ్లకు, కళ్లజోళ్లకు రుసుము పెట్టారు. ఆ వైద్య సేవను నెలకొల్పిన బెవన్ మంత్రి పదవికి రాజీనామా చేశారు, ఆయనతో పాటు ఇంకో మంత్రి హెరాల్డ్ విల్సన్ కూడా. చాలామందికి గుర్తున్నది పళ్లు, కళ్లజోళ్ల గొడవే. బెవన్ చెప్పిన ఇంకో మాట నా వృత్తికి ముఖ్యం: ఇంత డబ్బు ఖర్చు చేయడానికి తగినన్ని యంత్రాలు, ముడిసరుకు దేశంలో లేవని ఆయన అన్నారు. కొన్ని నెలల్లో అధికారంలోకి వచ్చిన చర్చిల్ ప్రభుత్వమే ఆ కార్యక్రమాన్ని ఎక్కువ ఏళ్లకు సాగదీయాల్సి వచ్చింది.

డబ్బు కేటాయించినంత మాత్రాన తుపాకీ రాదు. ఇది నేను కళ్లారా చూశాను. ఒక ఏడాది ఏదో ఉద్రిక్తత తర్వాత మా రక్షణ బడ్జెట్‌ను ఒక్కసారిగా దాదాపు మూడో వంతు పెంచారు. అసలు కావాల్సింది ఫిరంగి గుండ్లు. ఫ్యాక్టరీల ఆర్డర్ బుక్కులు మూడేళ్ల వరకు నిండి ఉన్నాయి. డబ్బు వెనక్కి పోతుందన్న టెన్షన్‌తో ఆర్థిక సంవత్సరం చివరి రెండు నెలల్లో వాహనాలు, కంప్యూటర్లు, ఫర్నిచర్ కొన్నారు. కేటాయింపు పూర్తిగా ఖర్చయింది, గుండ్ల నిల్వ అంగుళం కూడా పెరగలేదు. ఆ డబ్బు అప్పుగా తెచ్చినది. అందరూ ఒకేసారి అవే ఆయుధాల కోసం పరిగెత్తే రోజుల్లో ధరలు కూడా పెరుగుతాయి. అందుకే అప్పు ఎక్కువగా ఉన్న దేశం ఒక్కసారి భారీగా పెంచేకన్నా, ఏటా కొద్దికొద్దిగా, పదేళ్ల పాటు మారదని నమ్మకం కలిగేలా పెంచడం మేలు. పదేళ్ల ఆర్డర్ కచ్చితంగా ఉంటుందని తెలిస్తే ఫ్యాక్టరీ కొత్త యంత్రం పెడుతుంది. ఈ ఏడాది మాత్రమే అంటే పెట్టదు.

కొద్దికొద్దిగా అన్నాను కదా అని ఉన్న ఒప్పందాలను సాగదీయమని కాదు. డబ్బు లేని ఆర్థిక శాఖలు తరచుగా చేసే పొరపాటు అది. బ్రిటన్ తన రెండు కొత్త విమాన వాహక నౌకల నిర్మాణాన్ని 2008 చివర్లో నెమ్మదింపజేసింది. మొదటి నాలుగేళ్లలో 45 కోట్ల పౌండ్లు ఆదా అయింది, ఆ తర్వాతి ఏళ్లలో 112 కోట్లు అదనంగా పెట్టాల్సి వస్తుందని ఆడిట్‌లో తేలింది. ఒప్పందం చేసే ముందు వద్దనడం పొదుపు అవుతుంది. చేశాక ఆలస్యం చేస్తే అది అధిక వడ్డీ అప్పు తీసుకున్నట్టే.

ఇప్పుడు దేశాలు ఏం చేస్తున్నాయో చూస్తే అప్పు, పన్ను, కోత, మూడు దారులూ కనిపిస్తాయి. అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటోలోని దేశాలు 2014లో జీడీపీలో రెండు శాతం రక్షణకు పెట్టాలని లక్ష్యం పెట్టుకున్నాయి. 2025 జూన్‌లో హేగ్ సమావేశంలో దాన్ని 2035 నాటికి 5 శాతం చేశాయి. అందులో 3.5 శాతం నేరుగా రక్షణకు, 1.5 శాతం రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత లాంటి అనుబంధ పనులకు.

జర్మనీ అప్పు దారి పట్టింది. 2022లో రాజ్యాంగం సవరించి 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి పెట్టింది. 2025లో జీడీపీలో ఒక శాతం దాటిన రక్షణ ఖర్చును అప్పు పరిమితి నుంచి మినహాయించింది. దాని అప్పు తక్కువ కాబట్టి ఆ దారి దానికి కొంతకాలం నడుస్తుంది. అదే పని అప్పు ఎక్కువగా ఉన్న దేశాలు చేయలేవు. ఫ్రాన్స్ అప్పు జీడీపీలో 110 శాతం దాటింది. 2025 జులైలో అధ్యక్షుడు మాక్రాన్ రక్షణ బడ్జెట్ పెంచుతామని, దాన్ని అప్పుతో నడిపేది లేదని చెప్పారు. రెండు రోజులకు ప్రధాని బైరూ దాదాపు 4,400 కోట్ల యూరోల పొదుపు ప్రణాళిక పెట్టారు, అందులో రెండు సెలవు దినాల రద్దు కూడా ఉంది. సెప్టెంబర్ 8న విశ్వాస పరీక్షలో ఓడి దిగిపోయారు. ఆయన లెక్క తప్పని నేను అనుకోవడం లేదు. ఎవరి మీద ఎంత భారం పడుతుందో ప్రజలను ఒప్పించకుండా లెక్క ఒక్కటే సరిపోదు.

డెన్మార్క్ కూడా సెలవు దినమే ఎంచుకుంది. 1686 నుంచి ఉన్న ప్రార్థనా దినం సెలవును 2024 నుంచి తీసేసింది, ఆ పని దినం వల్ల వచ్చే పన్నులు రక్షణకు పోయేలా. అక్కడా నిరసనలు జరిగాయి, చట్టం మాత్రం నిలబడింది. గమనించాల్సింది ఏమిటంటే డెన్మార్క్ అప్పు చాలా తక్కువ. కావాలంటే అప్పు చేసేయగలదు. అయినా ఏటా వచ్చే ఖర్చుకు ఏటా వచ్చే ఆదాయం వెతికింది. బ్రిటన్ 2025 ఫిబ్రవరిలో, 2027 నాటికి రక్షణను జీడీపీలో 2.5 శాతానికి పెంచాలని, ఆ మేరకు విదేశీ సహాయాన్ని జాతీయాదాయంలో 0.5 నుంచి 0.3 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. లెక్క సరిపోయింది. కానీ ఆ డబ్బుతో ఎక్కడో పిల్లలకు టీకాలు వేసేవారు, కరువు సాయం ఇచ్చేవారు. ఓట్లు లేనివాళ్ల పద్దులో కోయడం రాజకీయంగా సులువు. మంచిదని మాత్రం నేను అనలేను.

పోలండ్ జీడీపీలో నాలుగు శాతానికి పైగా పెడుతోంది. అందులో గణనీయమైన భాగం బడ్జెట్ బయట ఉన్న నిధి ద్వారా, ప్రభుత్వ బ్యాంకు తెచ్చే అప్పుతో నడుస్తుంది. పక్కన యుద్ధం జరుగుతున్న దేశం తొందర నాకు అర్థమవుతుంది. బడ్జెట్ బయటి నిధుల గురించి మాత్రం జాగ్రత్తగా ఉండాలి. నిధి ఎక్కడున్నా అప్పు తీర్చేది పన్ను కట్టేవాడే. బడ్జెట్‌లో ఉంటే చట్టసభ అడుగుతుంది, బయట ఉంటే అడిగేవాళ్లు తగ్గిపోతారు.

"రక్షణ ఖర్చు ఉద్యోగాలు ఇస్తుంది, వృద్ధి తెస్తుంది, దాని ఖర్చు అదే తీర్చుకుంటుంది" అన్న వాదన మీకు తప్పక ఎదురవుతుంది. కొంత నిజం ఉంది. దేశంలోనే పరిశోధన చేసి, దేశంలోనే తయారు చేస్తే ఆ డబ్బు ఇక్కడే తిరుగుతుంది, సాంకేతికత బయటి పరిశ్రమలకు కూడా పాకుతుంది. ఆయుధాలు దిగుమతి చేసుకుంటే డబ్బు బయటికి పోతుంది. అప్పు కూడా విదేశీ కరెన్సీలో ఉంటే మన కరెన్సీ పడిపోయిన ప్రతిసారీ ఆ ఆయుధం ధర మళ్లీ పెరుగుతుంది. మొత్తం ఖర్చు దానంతట అదే తిరిగొస్తుందని లెక్క చూపించిన ప్రతిపాదన నా సర్వీసులో ఒక్కటి కూడా నిలబడలేదు. రక్షణ ఖర్చును రక్షణ కోసమే సమర్థించాలి.

ఒక మినహాయింపు చెప్పకపోతే ఈ జవాబు తప్పవుతుంది. యుద్ధం నిజంగా ఇంటి మీదికి వస్తే పైన చెప్పిన నియమాలు పక్కకు పోతాయి. అప్పుడు దొరికినంత అప్పు చేయాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు జీడీపీకి సుమారు రెండున్నర రెట్లు. యుద్ధం ముగిశాక 1946లో అమెరికా దగ్గర తీసుకున్న రుణం చివరి వాయిదా కట్టింది 2006 డిసెంబర్‌లో. తీర్చడానికి అరవై ఏళ్లు పట్టింది, అయినా యుద్ధానికి అప్పు చేసినందుకు వాళ్లను నేను తప్పుపట్టలేను. కానీ అలాంటి రోజున అప్పు పుట్టాలంటే అంతకు ముందు రోజుల్లో పరపతి మిగిల్చుకుని ఉండాలి. మామూలు రోజుల్లో జీతాలకు, ఫర్నిచర్‌కు అప్పు చేసి ఆ పరపతిని వాడేసుకుంటే, నిజంగా కావాల్సిన రోజున తలుపు మూసి ఉంటుంది. నా దృష్టిలో అప్పు తీసుకోగల శక్తి కూడా ఒక ఆయుధ నిల్వే.

ఆ తలుపు గురించి చివరిదాకా పోరాడిన ఒక ఆర్థిక మంత్రి జపాన్‌లో ఉండేవారు, తకహాషి కొరెకియో. 1930ల మొదట్లో మాంద్యం నుంచి బయటపడడానికి ఆయనే కేంద్ర బ్యాంకు చేత ప్రభుత్వ బాండ్లు కొనిపించారు, సైనిక ఖర్చు కూడా పెంచారు. ఆర్థిక వ్యవస్థ కోలుకోగానే ఇక చాలని సైన్యం బడ్జెట్‌కు అడ్డుకట్ట వేయబోయారు. 1936 ఫిబ్రవరి 26న తిరుగుబాటు చేసిన సైనికాధికారులు ఆయన్ను ఇంట్లోనే చంపేశారు. ఆ తర్వాత ఖర్చుకు పగ్గం వేయగలిగినవాళ్లు లేకపోయారు. అప్పుతో మొదలైన సైనిక ఖర్చును ఆపాల్సి వచ్చినప్పుడు ఎంత ఒత్తిడి ఉంటుందో ఇంతకన్నా తీవ్రమైన ఉదాహరణ నాకు తెలియదు. అందుకే పెంచేటప్పుడే, ఏ ఏడాది నుంచి అప్పు ఆగి ఆదాయం మొదలవుతుందో చట్టంలోనే రాసి పెట్టమంటాను.

చివరగా, మీ దేశ బడ్జెట్ వచ్చినప్పుడు ఏం చూడాలో చెబుతాను. ముందుగా శాతం చూడకండి. పెంచిన మొత్తంలో జీతాలు, పెన్షన్లు ఎంత, కొనుగోళ్లు ఎంత, నిర్వహణ ఎంత, మూడూ విడదీసి చూడండి. కొనుగోళ్లు పెరిగి నిర్వహణ పెరగకపోతే నా రాడార్ పెట్టెలే మళ్లీ వస్తున్నాయని అనుకోవచ్చు. ఆ తర్వాత కిందటేడాది కేటాయింపులో నిజంగా ఖర్చయింది ఎంత, అందులో చివరి రెండు నెలల్లో ఖర్చయింది ఎంత చూడండి. ఇంకో పేజీలో వడ్డీ చెల్లింపుల పద్దు ఉంటుంది. వచ్చే అయిదేళ్లలో గడువు తీరే బాండ్లు ఎన్ని, వాటి పాత వడ్డీ ఎంత, ఇప్పటి వడ్డీ ఎంత అన్నది దొరికితే రాసుకోండి. ఈ అంకెలు దొరికాక వాటిని ఇక్కడే పెట్టండి, ఏ దేశమైనా పర్వాలేదు, కూర్చుని లెక్క వేసి చెబుతాను.